రౌటరుకు తొడిగిన కోటు

మా అక్కకు రెండు గొంతులున్నాయి. మొదటిది కంపెనీ గొంతు. "నమస్కారమండీ, చెప్పండి, మీకు నేనెలా సాయపడగలను?" అని ఆ గొంతు అడిగిందంటే అవతల నిప్పులు కక్కుతున్న మనిషి కూడా ఒక మెట్టు కిందికి దిగుతాడు. రెండోది ఇంటి గొంతు. దాని సంగతి మా వీధి చివరి ఇంటివాళ్ళకు కూడా తెలుసు. నేను ఆమెకు తోడికోడలిని. మామూలప్పుడు నోరారా అక్కా అని పిలుస్తాను. ఆ రెండో గొంతు లేచినప్పుడు మాత్రం వంటింట్లో ఏదో ఒక పని కల్పించుకుంటాను.

వీధిలో వాళ్ళు ఆమెకు మిరపకాయ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళ మీద నాకు ఒళ్ళుమంట. ఆమె కోపం చూడటానికి అందరూ కిటికీలు తెరుస్తారు. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో చూడటానికి ఒక్కడికీ తీరిక ఉండదు.

ఆమెది ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఇక్కడి ఆఫీసు ఎత్తేశాక, ఇంట్లోనే కూర్చుని చేసుకోమని ఒక కంప్యూటరూ, చెవులకు తగిలించుకునే ఫోనూ ఇచ్చారు. నెట్ రానివాడు ఎవడూ నవ్వుతూ ఫోన్ చెయ్యడు. "మీరంతా దొంగలు," "చదువుకునే వచ్చావా ఉద్యోగానికి?" "నీతో కాదు, నీ పైవాణ్ణి పిలువు." ఇవన్నీ విని ఆమె "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అనాలి. తరవాత వరసగా ప్రశ్నలు అడగాలి. రౌటరు మీద ఏ రంగు లైటు వెలుగుతోంది, వైరు గట్టిగా ఉందా, దాని మీద ఏమైనా కప్పి ఉందా, ఒకసారి ఆపి మళ్ళీ వేశారా. ఈ ప్రశ్నలు ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఒకసారి జ్వరంలో నిజంగానే కలవరించింది.

రోజంతా మింగిన తిట్లు ఎక్కడికి పోతాయి? సాయంత్రానికి ఎలాగో బయటికి రావాలి. వచ్చేవి.

పోనీ, ఇంట్లోవాళ్ళు ఆ ఉద్యోగాన్ని ఉద్యోగంగా చూశారా అంటే అదీ లేదు. బావగారు, అంటే అక్క భర్త, స్కూలు వ్యాను నడుపుతారు. పొద్దున పిల్లల్ని దింపాక మళ్ళీ సాయంత్రం దాకా ముందుగదిలో టీవీ ముందు కాళ్ళు చాపుకుంటారు. "ఇంట్లో కూర్చుని ఫోన్లో ముచ్చట్లు చెప్పే పనే కదా, దానికి తలుపెందుకు వేసుకోవడం?" అంటారు. ఆ ముచ్చట్ల మీదే ఈ ఇంటి అద్దె నడుస్తోందని ఆయనకు తెలుసు. తెలిసే అంటారు. ఆమె డ్యూటీ అయి చెవుల్లోంచి ఆ ఫోను తీసేలోపు, మా నెట్టే వాడుకునే పైవాటా ఆయన టాబ్లెట్ పట్టుకుని గుమ్మంలో ఉంటాడు, "అమ్మా, ఇది తిరుగుతూనే ఉంది, కాస్త చూస్తావా?" అని. అది అవగానే ఎవరో దూరపు పిన్నిగారి ఫోను. అక్క కంచంలో కూర ఎప్పుడూ చల్లారేది. నేను వేడిచేసి పెట్టేదాన్ని, అదీ మళ్ళీ చల్లారేది.

ఈ ఇంట్లో ఆమెను ఒక్క మాటా అననిది మామయ్యగారు. మెచ్చుకున్నదీ లేదు. ఆయన మాటల మనిషి కాదు. జీవితమంతా కోట్లు కుట్టిన దర్జీ. నోట్లో సూదులు పెట్టుకునే పనివాడికి నోరు మూసుకోవడం అలవాటైపోతుంది కాబోలు. రెడీమేడ్ కోట్లు వచ్చి బేరాలు తగ్గాయి, చూపూ మందగించింది, కొట్టు మూసేసి మిషను ఇంటికి తెచ్చుకున్నారు. ముందుగది కిటికీ దగ్గర దానికి చోటిచ్చాం. పక్కనే ఉన్న అలమరా మీద రౌటరు. బయటినుంచి వైరు ఆ కిటికీలోంచే వస్తుంది. వెనకగదిదాకా వైరు లాగుదామంటే గోడకు చిల్లు పెట్టనివ్వనని ఇంటి యజమాని భీష్మించాడు. అందుకే అక్క వెనకగదిలో గాల్లో వచ్చే నెట్‌తోనే నెట్టుకొస్తోంది.

మామయ్యగారిది ఒక పద్ధతి. చేతి కింద లేని మిషను మీద గుడ్డ పడాలి. కుట్టు మిషనుకు గుడ్డ, రేడియోకు గుడ్డ, మిక్సీకి గుడ్డ, ఆఖరికి నా ఇస్త్రీపెట్టెకు కూడా జేబులాంటి సంచీ. ఏదీ గుడ్డపేలిక కాదు, కొలతలు తీసి కుట్టినవే. ఇంకో పద్ధతి కూడా ఉంది. మిషను మీద గుడ్డ పడిందంటే ఆ పూటకు పని అయిపోయినట్టే. కొట్టున్న రోజుల్లో అలా కప్పాక పెళ్ళికొడుకు చిరిగిన కోటుతో పరిగెత్తుకొచ్చినా రేపు రమ్మనేవారట. బావగారు చిన్నప్పుడు ఆ గుడ్డ లాగి మిషను తొక్కబోయి వీపు వాయగొట్టించుకున్నారు. ఇప్పటికీ దాని జోలికి పోరు.

మిషను ఇంటికొచ్చిన కొత్తల్లోనే గొడవ మొదలైంది. అంతకుముందు లేనిది, రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక కాసేపటికి నెట్ పోయేది. అక్క ఎవరికో దారి చెబుతూ చెబుతూ ఉండగానే గొంతు తెగిపోయేది. తలుపు గడియ ఫట్‌మనేది. ఆమె ముందుగదిలోకి వచ్చి, రౌటరు వైరు పీకి, పళ్ళు కొరుకుతూ కాసేపాగి మళ్ళీ పెట్టేది. వచ్చేసేది. వచ్చిందిగా అని ఆమె వెళ్ళిపోయేది, వెళ్తూ వెళ్తూ మాలో ఎవరినో ఒకరిని దులిపేది.

"మ్యాచ్ చూస్తున్నారా? నా కడుపు మీద కొట్టి ఆ బంతాట చూడకపోతే మీకు ముద్ద దిగదా?"

"నాదీ ఆగిపోయిందే బాబూ!" అని బావగారి ఏడుపు.

తరవాత అనుమానం పైవాటా ఆయన మీదికి పోయింది. ఆ తరవాత నా ఫోను మీదికి. రోజుకో పాస్‌వర్డు మార్చింది. ఒకనాటి పాస్‌వర్డు "ఎవడబ్బసొమ్ము." చుట్టాలెవరో వచ్చి అడిగితే, ఒక్కో అక్షరం విడమరిచి చెప్పలేక నేను చచ్చాను. ఏం మార్చినా మధ్యాహ్నానికి నెట్ పోతూనే ఉంది. ఆమె కోపం మాత్రం పోవడం లేదు.

ఒకరోజు కంపెనీ అధికారి ఫోన్ చేశాడు. మధ్యలో తెగిపోతున్న కాల్స్ ఎక్కువయ్యాయని, మర్నాడు మధ్యాహ్నం ఆమె కాల్స్ అన్నీ తానే వింటానని, ఒక్కటి తెగినా ఇంటినుంచి పని రద్దని చెప్పాడు. అప్పుడిక పెద్దాఫీసుకు వెళ్ళి చెయ్యాలి. అది వేరే ఊళ్ళో ఉంది, రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు. అంటే ఉద్యోగం పోయినట్టే, మర్యాదగా చెప్పారంతే.

ఆ సాయంత్రం అక్క మమ్మల్నందరినీ ముందుగదిలో నిలబెట్టింది. అరవలేదు. అరవకపోవడంతో నాకు ఇంకా భయం వేసింది.

"రేపు మధ్యాహ్నం ఈ ఇంట్లో ఎవరూ నెట్ ముట్టుకోకూడదు. టీవీ లేదు, ఫోన్లు లేవు. రేపు గనక లైన్ పోయిందా, ఎల్లుండి నుంచి అందరం కలిసి అదే మ్యాచ్ చూద్దాం, రోడ్డు మీద కూర్చుని."

"సరేలే, బెదిరించకు," అన్నారు బావగారు.

"నేను మిషను కూడా తొక్కనమ్మా. చప్పుడవుతుంది," అన్నారు మామయ్యగారు. ఆయన ఒకేసారి అంత మాట్లాడటమే ఎక్కువ.

మర్నాడు నేను బేకరీలో పొద్దుటి పని ముగించుకుని వచ్చేసరికి ఇల్లు ఊపిరి బిగబట్టి ఉంది. టీవీ నల్లగా ఉంది. దాని ముందు బావగారు దానికంటే నల్లగా ముఖం పెట్టుకుని కూర్చున్నారు. పైవాటా ఆయన మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతున్నాడు. అందరం చప్పుడు చెయ్యకుండా తిన్నాం. మామయ్యగారు ఎప్పట్లాగే చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గర తన గుడ్డలు సర్దుకుని, మడతమంచం మీద నడుం వాల్చారు.

వెనకగదిలోంచి తేనె గొంతు వినిపిస్తూనే ఉంది. ఎవరో పెద్దాయన కాబోలు, చెవుడు కూడా ఉన్నట్టుంది. "వద్దండీ, వద్దు. వెనకాల చిన్న చిల్లు ఉంది చూశారా? అందులో సూది పెట్టి నొక్కకండి. నొక్కితే అన్నీ చెరిగిపోతాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది. మీరు కంగారు పడకండి, నేనున్నాగా. ముందు ఆ ఎర్ర లైటు..."

గొంతు ఆగింది.

"హలో? బాబాయిగారూ? హలో?"

గడియ ఫట్‌మంది. అక్క వచ్చేసరికి మామయ్యగారు అప్పటికే లేచి అలమరా పక్కన నిలబడి ఉన్నారు, భుజం మీద ఏదో గుడ్డ. దర్జీ భుజం మీద గుడ్డ లేని రోజు మేమెవరం చూశాం కనుక! ఆమె ఆయన్ని పక్కకు జరిపినంత పనిచేసి రౌటరు వైరు పీకింది. మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటోంది. మళ్ళీ పీకి మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటే. దాని మీద చెయ్యి వేసి చురుక్కుమని తీసేసింది.

"పొయ్యి మీద పెనంలా కాలిపోతోంది! ఎవరు? ఎవరు వాడారు?"

"ఒట్టు, నేను రిమోట్ కూడా ముట్టుకోలేదు," అన్నారు బావగారు.

"ఆ దరిద్రపు కంపెనీ, దరిద్రపు డబ్బా! అక్కడ వాడు వింటున్నాడు. ఆ ముసలాయన హలో హలో అంటున్నాడు. నా బతుకు ఈ డబ్బాలో ఉంది, అది నా ముఖాన ఎర్ర లైటు కొడుతోంది!"

కుట్టు మిషను మీద సూదులు గుచ్చిన దిండు ఉంది. అందులోంచి ఒక గుండుసూది లాగింది. "అక్కా, వద్దు" అనబోయాను, ఆమె వినే స్థితిలో లేదు. ఇంతసేపూ ఎవరినో బతిమాలి ఆపిన ఆ పనే తను చేసింది. రౌటరు తిరగేసి, వెనక చిల్లులో సూది పెట్టి, కసిదీరా నొక్కి పట్టుకుంది. లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. తరవాత ఒక్కటి మెల్లగా వెలిగింది.

ఆ వెలుగు చూశాక గానీ ఏం చేసిందో ఆమెకు తెలిసి రాలేదు. మా నెట్‌కు పెట్టుకున్న పేరు, పాస్‌వర్డు, కంపెనీ ఇచ్చిన తాళం లాంటి అంకెలు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ అంకెలు మళ్ళీ ఇవ్వగలిగింది కంపెనీవాళ్ళే. దానికి ఒకటే దారి, తను రోజూ ఎత్తే ఆ నంబరుకే తను ఫోన్ చెయ్యాలి.

చేసింది. ఫోను కుట్టు మిషను మీద పెట్టి స్పీకరు నొక్కింది. కాసేపు పాట వచ్చింది. ఆ పాట ఆమె రోజూ అవతలివాళ్ళకు వినిపించేదే, తను ఎప్పుడూ విననిది. చివరకు ఒక లేత గొంతు పలికింది. "నమస్కారమండీ, మీకు నేనెలా సాయపడగలను?"

"రౌటరు రీసెట్ అయిపోయింది. కనెక్షన్ అంకెలు కావాలి. త్వరగా."

"మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ. ముందు రౌటరు మీద ఏ రంగు లైటు—"

"నేనూ మీ కంపెనీయేనయ్యా! ఆ ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. అంకెలు చెప్పు చాలు."

"సారీ మేడం. వరసలో అడగాలి. అడగకపోతే నాకు మాటొస్తుంది."

అక్క ముఖం ఎర్రబడింది. "చదువుకునే వచ్చావా నువ్వు ఉద్యోగానికి? మీరంతా దొంగలు! నీతో కాదు, నీ పైవాణ్ణి పిలువు!"

ఆమె రోజూ మింగే మాటలవి, అక్షరం పొల్లుపోలేదు. అన్నాక తనకే వినబడినట్టుంది. అవతల కుర్రాడు మాత్రం వరస తప్పలేదు. "వైరు గట్టిగా ఉందా మేడం?"

"ఉంది."

"దాని మీద ఏమైనా కప్పి ఉందా మేడం?"

"బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా దాని మీద కప్పుతారా? మేమేమన్నా—"

"కప్పే ఉందమ్మా," అన్నారు మామయ్యగారు. "ఇప్పుడే తీశాను."

ఆయన భుజం మీది గుడ్డ తీసి రెండు చేతులతో చూపించారు. ముదురు నీలం కోటు గుడ్డ, లోపల లైనింగు, మధ్యలో పల్చటి దూది పొర. యాంటెన్నాలు దూరడానికి రెండు కాజాలు. ముందువైపు వరసగా బొత్తాలు. చలి దేశాలకు పోయే పెద్దమనిషి కోటు లాంటిదే, రౌటరు కొలతకు కుట్టింది. ఇన్నాళ్ళూ అన్నాలయ్యాక తన మిషను కప్పుతూ దానికీ తొడుగుతున్నారు. రాత్రి ఎలాగూ ఆపేసి కప్పుతారు కనుక ఫర్వాలేదు, పగలు మాత్రం ఆపకుండానే. అక్క గడియ చప్పుడు వినగానే లేచి తీసేస్తున్నారు, మిషను బాగుచేసే మనిషి వస్తే గుడ్డ తీసి పక్కకు జరగడం పనివాడి మర్యాద కనుక. లోపల అది ఉడికిపోతోంది. ఆమె వైరు పీకితే బాగుపడిందని మేమనుకున్నాం, నిజానికి కోటు విప్పితే బాగుపడింది. ఆ కోటు మా కళ్ళముందే ఉంది. ఇంట్లో కప్పని వస్తువే లేనప్పుడు, కప్పిన దాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఊరందరినీ అడిగే ఆ ప్రశ్న సొంత ఇంట్లో అడగాలని అక్కకు ఒక్కనాడూ తట్టలేదు.

"మామయ్యగారూ!" అంది అక్క. రెండో గొంతే, పూర్తిగా. ఫోన్లో కుర్రాడు ఇంకా ఉన్నాడన్న ధ్యాస కూడా లేదు. "నా ఉద్యోగం తీసేశారు కదండీ! ఎవరడిగారు మిమ్మల్ని దీనికి కోటు కుట్టమని?"

"ఆపకూడదని తెలుసమ్మా, అందుకే స్విచ్చి ముట్టుకోలేదు. దుమ్ము పడుతుందని..." ఆయన చేతుల్లో ఆ కోటు నలుగుతోంది. "అన్నం పెట్టే మిషను కదా."

బావగారు ఫక్కున నవ్వారు. "మిషనేంటి నాన్నా! ఆవిడ ఫోన్లో ముచ్చట్లు చెప్పుకునే డబ్బా అది!"

"నోర్ముయ్ రా," అన్నారు మామయ్యగారు. ఆయన కేక వెయ్యగా నేను ఆ రోజే విన్నాను. "నా మిషను మూలపడింది. నీ వ్యాను రెండు పూటలు తిరిగి పడుకుంటుంది. ఈ ఇంట్లో నడుస్తున్న మిషను ఇదొక్కటే. సిగ్గులేదూ నవ్వడానికి?"

బావగారి నవ్వు సగంలో ఆగిపోయింది.

అక్క మెత్తబడుతుందనుకున్నాను. మెత్తబడలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపం మాత్రం ఇంకా పెరిగింది. "ఆ మాట నోటితో చెప్పొచ్చుగా! ఇన్నాళ్ళనుంచీ ఈ ఇంట్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అన్నారా ఆ మాట? దానికి కోటు కుట్టే బదులు నాతో చెప్పకూడదా మామయ్యగారూ?"

ఆయన మడతమంచం మీద కూర్చుని కోటు ఒళ్ళోకి తీసుకున్నారు. "నాకు మాటలు రావమ్మా. కుట్టడం వచ్చు."

ఫోన్లోంచి లేత గొంతు పలికింది. "మేడం... అయితే అది కాస్త చల్లారనివ్వండి. ఈలోపు అంకెలు చెబుతాను, రాసుకుంటారా?"

రాసుకుంది. కుర్రాడు చెప్పినట్టే, తన తెలివి ఎక్కడా కలపకుండా, ఒక్కో మెట్టూ చేసింది. చివర్లో ఆకుపచ్చ లైటు వచ్చింది. "బాబూ, నిన్ను అనకూడని మాటలన్నాను," అంది. "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ," అన్నాడతను. అది పాఠంలో మాటే గానీ, నిజంగా అర్థమైనట్టే వినిపించింది. తరవాత ఆమె లోపలికి వెళ్ళి ఆ పెద్దాయనకు తనే ఫోన్ చేసింది. ఆయన అప్పటికే సూది పెట్టి నొక్కేశాడట. మొదటినుంచీ అన్నీ ఓపిగ్గా చెప్పుకొచ్చింది.

డ్యూటీ చివర్లో అధికారి ఫోను వచ్చింది. తలుపు తెరిచే ఉంది, మేమంతా విన్నాం. కాల్ తెగింది కనుక రద్దు చెయ్యాల్సిందేనట. కారణం దొరికింది కనుక, మళ్ళీ తెగనంతకాలం ఉంచుతాడట. కుర్రాడితో ఆమె మాటలు కూడా రికార్డులో విన్నాడట, సిబ్బందితో మర్యాద తప్పినందుకు మాత్రం హెచ్చరిక రాస్తాడట.

"రాయండి," అంది అక్క. "ఆ కుర్రాడికి మెచ్చుకోలు కూడా రాయండి. అతను అడగాల్సింది అడిగాడు. మాకు మాత్రం రోజూ తిట్లు పడుతుంటే ఏ హెచ్చరికా ఎవరికీ రాయరు మీరు. అది కూడా ఎక్కడైనా రాసుకోండి."

ఫోను పెట్టేసి బయటికి వచ్చింది. గుమ్మంలో పైవాటా ఆయన టాబ్లెట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "అమ్మా, ఇందాకట్నుంచి పాత పాస్‌వర్డు తీసుకోవడం లేదు..." దూరపు పిన్నిగారి ఫోను మోగుతోంది. బావగారు మధ్యాహ్నం పోయిన మ్యాచ్ మొదటినుంచి పెట్టుకుని ఉన్నారు.

అక్క తిన్నగా అలమరా దగ్గరికి వెళ్ళి రౌటరు స్విచ్చి ఆపేసింది. మామయ్యగారి ముందు చెయ్యి చాపింది. ఆయన ఒళ్ళో దాచుకున్న కోటు ఇచ్చారు. ఆమె దాన్ని రౌటరుకు తొడిగి, యాంటెన్నాలు కాజాల్లోంచి బయటికి తీసి, కిందినుంచి పైదాకా ఒక్కో బొత్తాం పెట్టింది.

టీవీలో బంతి గాల్లోనే ఆగిపోయింది. "ఏయ్, ఇదేంటి!" బావగారు కుర్చీలోంచి లేచారు.

"కొట్టు కట్టేశాను," అంది.

"ఆట అయ్యేదాకా ఉంచవే!"

"మిషను మీద గుడ్డ పడింది రా," అన్నారు మామయ్యగారు. "రేపు రమ్మను."

బావగారు రౌటరు వైపు ఒక అడుగు వేసి, ఆ బొత్తాల వరస చూసి, ఆగిపోయారు. పైవాటా ఆయన టాబ్లెట్ చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. పిన్నిగారి ఫోను మోగి మోగి ఊరుకుంది. నేను అక్కకు కంచం పెట్టాను. ఆమె ఇంకా కోపంగానే కూర్చుంది, కోపంగానే కలుపుకుంది, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చప్పున నోరు తెరిచి ఊదుకుంది.

"ఇంత వేడిగా పెట్టావేంటే?" అని నా మీద అరిచింది.